ఐకారస్ వెరిలాగ్: ఉచితమే, కానీ కాన్‌స్టంట్ల దగ్గర ఓ కన్నేయండి

అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సులో చేరినవాళ్లు ఇంట్లో ప్రాక్టీసుకి వెరిలాగ్ (హార్డ్‌వేర్‌ని వర్ణించే భాష) కోడ్‌ని నడిపి చూసే సిమ్యులేటర్ ఏది పెట్టుకోవాలని అడుగుతుంటారు. నా ఓటు ఐకారస్‌కే. లైసెన్సు గొడవ లేదు, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది, సిగ్నళ్లు ఎప్పుడెలా మారాయో చూపే వేవ్‌ఫామ్‌కి జీటీకేవేవ్ అనే టూల్ సరిపోతుంది.

అసలు చూడాల్సింది టైమ్ సున్నా దగ్గర, అంటే సిమ్యులేషన్ మొదలైన క్షణాన, ఏం చేస్తుందని. విలువ ఇవ్వని రెగ్ (విలువ దాచుకునే వేరియబుల్) ఎక్స్‌తో, అంటే తెలియని విలువతో మొదలవుతుంది, ఎవరూ డ్రైవ్ చేయని వైరు జెడ్‌లో, అంటే దేనికీ తగలకుండా తేలుతూ ఉంటుంది. రీసెట్ (మొదటి విలువకి తెచ్చే సిగ్నల్) లేకుండా కౌంటర్ రాశారనుకోండి, ఎక్స్‌కి ఒకటి కలిపినా ఎక్సే కాబట్టి వేవ్‌ఫామ్‌లో చివరిదాకా ఎర్రగానే కనిపిస్తుంది, చాలామంది టూల్ పాడైందనుకుంటారు గానీ నిజానికి అది చేస్తున్న మేలు అదే. వెరిలేటర్ అనే ఇంకో సిమ్యులేటర్ ప్రధానంగా 0, 1లతోనే పనిచేస్తుంది, మామూలుగా నడిపితే రిజిస్టర్లు సున్నాతో మొదలై అదే కౌంటర్ ఏ తప్పూ లేనట్టు లెక్కపెట్టేస్తుంది. వేగంలో దానిదే పైచేయి, కాదనను. కానీ నేర్చుకునే దశలో దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు, వాడితే మొదటి విలువల్ని ర్యాండమ్‌గా ఇచ్చే ఆప్షన్ పెట్టి వాడండి.

ఎరుపు పోవాలని డిక్లరేషన్‌లోనే సున్నా రాసేయడం ఒకటుంది మనవాళ్లకి. ఎఫ్‌పీజీఏలో (మళ్లీ మళ్లీ కాన్ఫిగర్ చేసుకోగల చిప్) అది చాలావరకు చెల్లుతుంది, కాన్ఫిగరేషన్‌తో పాటే ఆ విలువ ఫ్లాప్‌లోకి (ఒక బిట్ దాచుకునే సర్క్యూట్) వెళ్తుంది కాబట్టి. ఏసిక్‌లో (ఒక పని కోసమే తయారుచేసిన చిప్) పవర్ ఇచ్చిన క్షణాన ఫ్లాప్ ఎటైనా ఉండొచ్చు, అక్కడ రీసెట్ ఉండాల్సిందే.

ఇక కాన్‌స్టంట్లు, అంటే మారని విలువలు. ఆల్వేస్ ఎట్ స్టార్ (always @*), అంటే తను చదివే సిగ్నల్ ఏదైనా మారినప్పుడే నడిచే బ్లాకులో కుడివైపున్నవన్నీ పారామీటర్లో (పేరు పెట్టిన కాన్‌స్టంట్లు), నేరుగా రాసిన అంకెలో అయితే మారే సిగ్నల్ అంటూ ఉండదు, కాబట్టి ఆ బ్లాకు ఒక్కసారీ నడవదు, ఔట్‌పుట్ ఎక్స్‌గానే ఉండిపోతుంది. సెన్సిటివిటీలేవీ (గమనించాల్సిన సిగ్నళ్లు) దొరకలేదు, ఇది ఎప్పటికీ ట్రిగ్గర్ అవదు అని ఐకారస్ వార్నింగ్ ఇస్తుంది, మనమే టెర్మినల్ చదవం. వెరిలాగ్‌కి కొనసాగింపైన సిస్టమ్‌వెరిలాగ్‌లో ఇంకో మెలిక ఉంది: డిక్లరేషన్‌లో ఇచ్చిన విలువ ఆల్వేస్ బ్లాకులు మొదలవకముందే పడిపోతుంది, అంటే అది మార్పు కింద లెక్కకు రాదు, ఆ సిగ్నల్ తర్వాత మారేదాకా ఎట్ స్టార్ కదలదు. తప్పు టూల్‌ది కాదు, భాష నియమమే అంత. సిస్టమ్‌వెరిలాగ్‌ని ఆన్ చేసే జీ2012 ఫ్లాగ్ (-g2012) పెట్టి, ఎట్ స్టార్‌కి బదులు ఆల్వేస్ కాంబ్ (always_comb) రాయండి, అది టైమ్ సున్నాలో తనంతట తానే ఒకసారి నడుస్తుంది. కొన్ని కోచింగుల్లో ఇంకా ఎట్ స్టారే చెబుతున్నారు, ఎందుకో మరి.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకంటే, ఇఫ్ కండిషన్‌లో ఎక్స్ వస్తే చడీచప్పుడు లేకుండా ఎల్స్‌లోకి వెళ్లిపోతుంది. ఇదీ భాష చెప్పినదే అయినా, అక్కడ ఎరుపు మాయమై బగ్ దాక్కుంటుంది, కనీసం ఒక వార్నింగ్ ఇచ్చి ఉంటే బాగుండేది.