బాయింక్‌లో రెండు అకౌంట్లు: కలిపెయ్యాలా, వదిలెయ్యాలా?

బాయింక్ అంటే మన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని సైన్స్ ప్రాజెక్టుల లెక్కలకి ఇచ్చే సాఫ్ట్‌వేర్, చేసిన పనికి క్రెడిట్లనే పాయింట్లు పడతాయి. ముందే చెప్పేస్తున్నా, ఒకే ప్రాజెక్టులో రెండు అకౌంట్లుంటే వాటి క్రెడిట్లు కలిపే బటన్ మామూలుగా ఎక్కడా ఉండదు, నేనూ ఓ సాయంత్రమంతా వెతికి ఊరుకున్నా. ఉన్న బటన్ కంప్యూటర్లు కలపడానికి. ఓఎస్ మళ్ళీ ఎక్కించాక నా పాత ల్యాప్‌టాప్ అదే పేరుతో లిస్టులో మూడు సార్లు కనపడింది, మెర్జ్ కొడితే మూడూ ఒకటైపోయాయి, కానీ నా మొత్తం క్రెడిట్ పైసా పెరగలేదు, ఎందుకంటే అవి ముందే నా ఖాతాలో పడ్డవేగా!

వేరే వేరే ప్రాజెక్టులైతే కథ వేరు. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో ఒక ఈమెయిల్, రోసెట్టా ఎట్ హోమ్‌లో ఇంకోటి ఉంటే రెండిట్లో ఒకే ఈమెయిల్ పెట్టి, ఒక మెషీన్‌ని రెండిటికీ తగిలించి కొన్నాళ్ళు నడవనిస్తే సీపీఐడీ (అన్ని ప్రాజెక్టుల్లో మిమ్మల్ని గుర్తుపట్టే కోడ్) ఒకటవుతుంది, అప్పుడు స్టాట్స్ సైట్లు మిమ్మల్ని ఒకే మనిషిగా లెక్కేసి కూడిక చూపిస్తాయి. ఓపిక పట్టాలంతే, వెంటనే జరగదు.

ఇక పాతది వదిలేసి కొత్తదాంట్లో నడపడం. సగటు క్రెడిట్ (ఈమధ్య చేసిన పనిని బట్టి లెక్కేసే అంకె) పని ఆపేస్తే వారానికోసారి సగానికి పడుతుంది కాబట్టి పాత అకౌంట్‌ది త్వరగానే సున్నాకి దిగుతుంది, మొత్తం అంకె మాత్రం ఎక్కడికీ పోదు. గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికే ప్రాజెక్టు సెటి ఎట్ హోమ్ 2020 మార్చిలో పని పంచడం ఆపేసింది, అక్కడి క్రెడిట్ కోసం ఇప్పుడు తల బద్దలు కొట్టుకోవడం దండగ.

నన్నడిగితే ప్రాజెక్టులు వేరైతే ఈమెయిల్ సరిచేసుకోండి, ఒకే ప్రాజెక్టులో రెండుంటే ఎక్కువ క్రెడిట్ ఉన్నదాన్నే ఉంచుకోండి.