ఇంటర్వ్యూకి ముందు గడ్డం తీయాలా, ఉంచాలా?

"అన్నా, సోమవారం ఇంటర్వ్యూ. గడ్డం తీసేయమంటావా?" బీఎస్సీ కెమిస్ట్రీ, కెమికల్ డిప్లొమా చదివిన తమ్ముళ్లు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. నేను విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక ఫార్మా ప్లాంటులో సేఫ్టీ చూస్తాను. అందుకే ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను: "ఉద్యోగం ఫార్ములేషన్‌లోనా, బల్క్ డ్రగ్‌లోనా?"

రెండూ ఫార్మానే కదా అంటారు. గడ్డం దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది.

ఫార్ములేషన్‌లో, అంటే మాత్రలు, క్యాప్సూళ్లు, ఇంజెక్షన్లు తయారయ్యే చోట, భయమల్లా మన వెంట్రుక మందులో పడుతుందేమోనని. తలకు క్యాప్ పెట్టినట్టే గడ్డానికి కవర్ కడితే సరిపోతుంది. మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు (జీఎంపీ) అడిగేది కూడా గడ్డం కప్పుకోమనే. క్లీన్ షేవ్ కావాలనే కంపెనీలు లేకపోలేదు, కానీ అది వాళ్లు సొంతంగా పెట్టుకున్న రూలు.

బల్క్ డ్రగ్‌లో, అంటే మందులో వాడే అసలు రసాయనాన్ని తయారుచేసే చోట, భయం మన ఊపిరితిత్తుల గురించి. రియాక్టర్ల దగ్గర, సాల్వెంట్ల దగ్గర వేసుకునే హాఫ్ మాస్క్ అయినా, ఫుల్ ఫేస్ మాస్క్ అయినా, దాని రబ్బరు అంచు చర్మానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది. మధ్యలో వెంట్రుకలుంటే గాలి ఆ సందులోంచి లోపలికి వస్తుంది. రెండు రోజుల గరుకు గడ్డం చాలు.

ఇది నేను కళ్లారా చూశాను. మాస్క్ ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో చూసే ఫిట్ టెస్టులో మాస్క్ పెట్టించి, తలకు హుడ్ తొడిగి, లోపలికి చేదు ద్రావణం స్ప్రే చేస్తాం. మాస్క్ సరిగ్గా కూర్చుంటే చేదు తెలియదు. కొత్తగా చేరిన ఒక కుర్రాడు నిమిషం కాకముందే "చేదుగా ఉంది సార్" అన్నాడు. మర్నాడు గడ్డం గీసుకుని వచ్చాడు. అదే మాస్క్, అదే స్ప్రే, ఈసారి ఏమీ తెలియలేదు. టెస్టులో కాబట్టి చేదు తగిలి చెప్పగలిగాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు అయితే గాలిలో 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) దగ్గరికి వచ్చేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది. మాస్క్ లీకవుతున్న సంగతి మనిషికి తెలియదు. గల్ఫ్‌లో ఆయిల్, గ్యాస్ పనులకు వెళ్లే మనవాళ్లకు క్లీన్ షేవ్ షరతు పెట్టేది ఇందుకే.

మీసం ఉంచుకోవచ్చు. మాస్క్ అంచు లోపల ఇమిడి, వాల్వుకు అడ్డం రాకుండా ఉంటే చాలు.

అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు, తిరుపతి మొక్కు ఉన్నవాళ్లు టెన్షన్ పడకండి, ఇంటర్వ్యూలో దాచకండి కూడా. దీక్ష 41 రోజులు అయ్యాక చేరతానని, లేదా అప్పటిదాకా మాస్క్ అవసరం లేని పని ఇవ్వమని అడగండి. తప్పేమీ లేదు. సిక్కుల్లా గడ్డం తీయలేని వాళ్లకు తలంతా కప్పి, శుభ్రం చేసిన గాలి పంపే వదులు హుడ్‌లు ఉన్నాయి. ఖరీదైనవి, అన్ని చోట్లా ఉండవు.

మిగతా ఉద్యోగాలకు పెద్దగా ఆలోచించక్కర్లేదు. సాఫ్ట్‌వేర్, బ్యాంకులకు ట్రిమ్ చేసిన గడ్డం చాలు, మెడ మీద శుభ్రంగా గీయించండి. కేబిన్ క్రూ, స్టార్ హోటళ్లకు ప్రకటనలో ఏం రాస్తే అది. ఎయిర్ ఫోర్స్‌లో గడ్డంపై ఆంక్షను 2016లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. నేవీలో అనుమతి తీసుకుని పెంచుకోవచ్చు.

నా మాటగా చెప్పాలంటే, ఫార్ములేషన్‌కు, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌కు ట్రిమ్ చేసుకుని వెళ్లండి. బల్క్ డ్రగ్ ప్రొడక్షన్‌కు అయితే నున్నగా గీసుకునే వెళ్లండి. చేరాక ఎలాగూ రోజూ గీయాలి, దానికి సిద్ధంగా ఉన్నారని వాళ్లకు ముందే తెలుస్తుంది. అక్కడ మీరూ ఒక మాట అడగండి: "ఫిట్ టెస్ట్ చేస్తారా సార్, ఎన్నాళ్లకోసారి?" మాస్కులు ఇస్తాం గానీ టెస్ట్ చేయం అంటే, జీతం బాగున్నా చేరే ముందు మరోసారి ఆలోచించండి.