స్పితి లోయ కంకర దారులు: మనాలిలో అద్దెకు తీసుకున్న సైకిలు, దానితో పాటు ఇచ్చిన యాత్రా పథకం

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో సెప్టెంబరు రెండో వారం నుంచి పది రోజుల పాటు సైకిలు తొక్కి వచ్చాక, ఆ యాత్రకు కావలసిన సరంజామా అంతా సమకూర్చిన మనాలి అద్దె దుకాణం గురించి, వారు తయారుచేసి ఇచ్చిన దారి గురించి రాస్తున్నాను. దుకాణం పేరు చెప్పడం లేదు. నా ఫిర్యాదు వారొక్కరి మీదే కాదు, కొండ దారిని కిలోమీటర్లలో కొలిచి రోజులుగా ముక్కలు చేసే పద్ధతి మీద. సైకిలు బాగుంది, ఎంచిన దారులు చాలా బాగున్నాయి, వాటిని రోజులకు పంచిన తీరు మాత్రం ప్రమాదకరంగా ఉంది.

మేమిద్దరం హైదరాబాదు నుంచి వెళ్ళాం. దుకాణం వారు మనిషికొక గ్రావెల్ సైకిలు (కంకర దారుల కోసం చేసినది), వెనక చక్రానికి ఇరువైపులా తగిలించే రెండు సంచులు, ఒక మరమ్మతు పెట్టె, ఫోనులో వేసుకోవడానికి దారి ఫైలు, రోజువారీ వివరాలున్న రెండు అచ్చు కాగితాలు ఇచ్చారు. మొదటి రోజు గ్రాంఫూ దాకా తమ వాహనంలో దింపారు. తొమ్మిదో రోజు తాబోలో సైకిళ్ళను అప్పగించుకోవాలి. మధ్యలో తోడుగా ఎవరూ రారు. గండిపేట చుట్టూ, వికారాబాదు దగ్గర అనంతగిరి ఎర్రమట్టి దారుల్లో ఏళ్ళ తరబడి తొక్కిన మాకు కాగితం మీది అంకెలు చాలా తేలికగా కనిపించాయి: మొదటి రోజు ఛత్రూ వరకు 17 కిలోమీటర్లు, రెండో రోజు బాతల్ మీదుగా చంద్రతాల్ వరకు సుమారు 45, మూడో రోజు కుంజుం కనుమ దాటి లోసర్. యాభై కిలోమీటర్లంటే మా ఊళ్ళో ఆదివారం టిఫిను వేళకు ముగిసే పని.

కాగితంలో లేనిది ఎత్తు. మనాలి సముద్ర మట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంటుంది, చంద్రతాల్ సరస్సు సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉంటుంది, వారి పథకం ప్రకారం మనాలి వదిలిన రెండో రాత్రే అక్కడ పడుకోవాలి. మూడు వేల మీటర్లు దాటాక, నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యులు చెప్పే సూత్రం కొత్తదీ కాదు, రహస్యమూ కాదు. సముద్ర మట్టం దగ్గరి గాలి పీడనంలో ఆ ఎత్తున మిగిలేది అరవై శాతమే కాబట్టి, అక్కడ ఊరికే కూర్చున్నా శరీరం పని చేస్తూనే ఉంటుంది. బాతల్ చేరేసరికి నాకు కణతలు పగిలిపోతున్నట్టు తలనొప్పి మొదలైంది, నాతో వచ్చిన స్నేహితుడు తిన్నది నిలవక వాంతి చేసుకున్నాడు. చంద్రతాల్ మాట మరచిపోయి బాతల్ ఢాబాలోనే రెండు రాత్రులు దుప్పట్ల కింద గడిపాం. సరస్సు అక్కడికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంది, దాన్ని చూడకుండానే వచ్చాం. ఈ దారిలో వెళ్ళదలచినవారు ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే మందుల గురించి తమ వైద్యుణ్ణి ముందే అడిగి వెళ్ళడం మంచిది.

గ్రాంఫూ నుంచి బాతల్ వరకు చంద్రా నది పక్కన సాగే ఆ యాభై కిలోమీటర్లను కంకర దారి అనడం మర్యాద కోసమే. చాలాచోట్ల అది నది వదిలి వెళ్ళిన గుండ్రాళ్ళ పరుపు, దాని మీదుగా వాగులు అడ్డంగా పారుతుంటాయి. ఆ వాగులు ఎక్కడెక్కడ తగులుతాయో దుకాణం వారు ఫైలులో శ్రద్ధగా గుర్తించారు, అందుకు వారిని మెచ్చుకోవాలి. అయితే ఏ వేళకు దాటాలో రాయలేదు. పైనున్న మంచు ఎండకు కరిగి నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది కనుక, ఉదయం ఎనిమిదింటికి చీలమండ తడిపిన వాగే రెండు గంటలకు మోకాలిని తోస్తుంది. జూలై, ఆగస్టులలో ఈ తేడా ఇంకా ఎక్కువ. మేము తెల్లవారగానే బయలుదేరి ఉంటే ఇరుసుల్లోకి నీరు పోకుండా సైకిళ్ళను భుజానికెత్తుకుని నడవవలసిన అవసరం రెండు చోట్ల తప్పేది.

కుంజుం కనుమ 4,551 మీటర్లు. బాతల్ నుంచి మెలికలు తిరుగుతూ ఎక్కే ఆ పన్నెండు కిలోమీటర్లకు మాకు నాలుగు గంటలు పట్టింది, అందులో సగం నడకే. శరీరం అలవాటు పడ్డాక కూడా నడవవలసి రావడానికి కారణం సైకిలు గేర్లు. పెడళ్ళ దగ్గర, ముందు, 40 పళ్ళ గేరు చక్రం ఒక్కటే, వెనక అతి పెద్దది 42 పళ్ళది. హైదరాబాదు వంతెనలకు ఇది సరిపోతుంది, పది కిలోల సామానుతో నాలుగు వేల మీటర్ల మీద వదులు రాళ్ళలో ఎక్కడానికి సరిపోదు. ముందు 32, వెనక 46 పళ్ళు ఉంటే తొక్కడం తేలికై నడక చాలావరకు తగ్గేది. దుకాణం వారు ఇంకేమీ మార్చకపోయినా ఈ ఒక్క ముందు గేరు చక్రాన్ని మార్చాలి. పైన కుంజుం మాత గుడి చుట్టూ బస్సులు, లారీలు ఒక ప్రదక్షిణ చేసి గాని ముందుకు సాగవు. మేము కూడా సైకిళ్ళ మీదే చుట్టి వచ్చాం, ఎగువన చేసిన ఆ ఒక్క చుట్టుకే మళ్ళీ ఆయాసం వచ్చింది.

ఆ కనుమ ఒక సరిహద్దు. ఇవతలి చంద్రా నీళ్ళు భాగాతో కలిసి చీనాబ్ అవుతాయి, అవతలి స్పితి నీళ్ళు ఖాబ్ దగ్గర సట్లెజ్‌లో కలుస్తాయి. స్పితి వైపు దిగగానే లోయ వెడల్పవుతుంది, రోడ్డు నునుపవుతుంది, లోసర్ నుంచి కాజా వరకు ఉన్న 57 కిలోమీటర్లు ఏటి వాలునే దిగుతాయి కాబట్టి ఆ రోజు విశ్రాంతి లాంటిదని కాగితం చెప్పింది. అయితే పగటి వేడికి లోయలోని గాలి కింది నుంచి ఎగువకు లాగుతుంది, మధ్యాహ్నం దాటాక ఏటి వాలున దిగేవాడికి అది నేరుగా ముఖానికే కొడుతుంది. పల్లంలో కూడా పెడలు తొక్కవలసి రావడం ఏమిటో ఆ రోజు తెలిసింది. ఉదయం పదకొండింటికల్లా ఊరు చేరేలా తొక్కడమే ఇక్కడి పద్ధతి.

కాజా 3,600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న పెద్ద ఊరు, అక్కడ బ్యాంకు, బజారు, పెట్రోలు బంకు ఉన్నాయి. అక్కడి నుంచి తాబో వైపు జాతీయ రహదారి మీద చాలాచోట్ల తారు పడింది, కంకర కోసం వచ్చినవారికి అందులో పెద్దగా పని లేదు. ఈ పథకం విలువంతా కాజాను కేంద్రంగా పెట్టుకుని పక్క లోయల్లోకి తీసిన మూడు దారులలోనే ఉంది. వాటిని ఎంచినవారు తొక్కి చూసి ఎంచారని మొదటి గంటలోనే తెలుస్తుంది.

లాంగ్జా, హిక్కిం, కోమిక్ దారి మొదటిది. కాజా నుంచి లాంగ్జాకు ఆరు వందల మీటర్లకు పైగా ఎక్కాలి, కోమిక్ 4,587 మీటర్లు. ఈ కొండలు ఒకప్పటి టెథిస్ సముద్రపు అడుగు కాబట్టి లాంగ్జా చుట్టుపక్కల రాళ్ళలో సుడి తిరిగిన అమ్మోనైట్ శిలాజాలు దొరుకుతాయి. సైకిలు తొక్కేవాడికి అదే చరిత్ర మరో రూపంలో ఎదురవుతుంది: ఆ పలకరాయి పొరలు పొరలుగా చిట్లి, కత్తి అంచుల్లాంటి పెచ్చులై దారి నిండా పరుచుకుంటుంది. దిగేటప్పుడు నా వెనక టైరు పక్క గోడ అక్కడే చీలింది. ట్యూబు లేని టైర్లలో పోసిన జిగురు చిన్న రంధ్రాలను మూసింది గాని ఈ చీలికను మూయలేకపోయింది. మరమ్మతు పెట్టెలో దుకాణం వారు దళసరి టైరు ముక్కను, ఒక విడి ట్యూబును పెట్టి ఉంచడం వల్ల ఇరవై నిమిషాల్లో మళ్ళీ దారి పట్టాను. ఆ పెట్టెను సర్దిన మనిషికి నా నమస్కారం. టైర్లు 40 మిల్లీమీటర్లవి, ఈ రాళ్ళకు 50 ఉండాలి. గాలి విషయంలో మరొక మాట: బయటి గాలి పీడనం తగ్గేకొద్దీ టైరు గట్టిపడుతుంది, మనాలిలో 35 పీఎస్‌ఐ (టైరు గాలిని కొలిచే కొలత) పెట్టుకుంటే కుంజుం మీద అది దాదాపు 38 అవుతుంది. కాబట్టి కాజాలో కొంత వదిలేసుకోవాలి. మేము వదిలాక చేతుల తిమ్మిరి సగం తగ్గింది. హిక్కింలోని తపాలా కార్యాలయంలో ఇంటికొక కార్డు రాసి వేశాం, దానికోసమే అంత దూరం వచ్చిన కార్లు అక్కడ వరుస కట్టి ఉన్నాయి.

రెండోది కీ మఠం, కిబ్బర్, చిచమ్ దారి. కిబ్బర్‌కూ చిచమ్‌కూ మధ్య కింద అగాధంలా ఉన్న ఇరుకు లోయ మీద 2017లో వంతెన తెరిచారు, అంతకుముందు ఊరివాళ్ళు తాడుకు వేలాడే పెట్టెలో కూర్చుని చేతులతో లాక్కుంటూ దాటేవారు. దారిలో కొంత మేర తారు ఉంది, పర్యాటకుల కార్లు ఎక్కువ. చూడదగినదే గాని తొక్కడంలో చెప్పుకోదగిన ప్రత్యేకత లేదు.

మూడోదైన పిన్ లోయ కోసం మాత్రం నేను మళ్ళీ వెళతాను. కాజా దిగువన అత్తర్గో వంతెన దగ్గర ప్రధాన రహదారిని వదిలి, పిన్ నది ఒడ్డునే ముద్ గ్రామం దాకా సాగే ముప్పై నాలుగు కిలోమీటర్లలో ఎత్తు పెద్దగా పెరగదు. ముద్ కూడా కాజాతో దాదాపు సమానమైన ఎత్తులోనే ఉంది. అందువల్ల గేరు గురించి, ఊపిరి గురించి ఆలోచన పోయి చూపు దారి మీద నిలుస్తుంది. వాహనాలు నలగగొట్టి గట్టిపరిచిన సన్న కంకర మీద టైరు చేసే ఆ ఒకే రకమైన గరగర శబ్దం, ఒక పక్క ఊదా, ఆకుపచ్చ, ఇటుక రంగు చారలున్న కొండ వాలు, మరో పక్క పాయలు పాయలుగా విడిపోయిన నది, మధ్యమధ్య కోత కోసిన బార్లీ చేలు, గట్ల వెంట మేస్తున్న పొట్టి గుర్రాలు. మూడు గంటల్లో నాలుగు వాహనాలకు మించి ఎదురు రాలేదు. సగ్నంలో టీ తాగాం. ముద్‌లో దిగిన ఇంటి పెద్దావిడ «జూలే» అని పలకరించి, మా బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టి, వేడి వేడి తుక్పా (నూడుల్స్ వేసిన చారు) పెట్టింది. పథకం ప్రకారం అక్కడ ఒక్క రాత్రే. బాతల్‌లో ఒక రోజు పోవడం వల్ల ఇంకో పూట ఉండే వీలు కూడా లేకపోయింది.

ధంకర్ ఎక్కుడు చిన్నదే అయినా నిటారుగా ఉంటుంది. పైనుంచి పిన్, స్పితి నదుల సంగమం మొత్తం కనిపిస్తుంది. అక్కడి నుంచి క్రీ.శ. 996లో కట్టిన మఠం ఉన్న తాబోకు దిగడం సులువు.

వెళ్ళేవారికి మరొక సంగతి. భారతీయులకు ఈ లోయలో ప్రత్యేక అనుమతి అక్కరలేదు గాని, విదేశీ పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్ళు, తాబోకు ఇంకా దిగువన కిన్నౌర్ జిల్లాలో ఉన్న రెకాంగ్ పియోకూ కాజాకూ మధ్య ప్రయాణానికి ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాల్లో తిరగడానికి ఇచ్చే అనుమతి) తీసుకోవాలి. కుంజుం సాధారణంగా జూన్ నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది.

తాబోలో సైకిళ్ళు అప్పగించినప్పుడు వచ్చిన మనిషి చక్రాలు తిప్పి చూసి, వంగిన బ్రేకు పళ్ళేనికీ చీలిన టైరుకూ డిపాజిట్టులోంచి తగినంత మాత్రమే తగ్గించాడు. లెక్క కాగితం మీద రాసి ఇచ్చాడు, అందులో వంక పెట్టడానికి లేదు. ఆ సాయంత్రం యజమానికి ఫోను చేసి, ఇదే దారిని తలకిందులు చేసి రెకాంగ్ పియో నుంచి నాకో, తాబో, కాజాల మీదుగా మెల్లగా ఎత్తు పెంచుకుంటూ వస్తే కుంజుం చివర్లో పడుతుంది కదా అని అడిగాను. అలా అడిగినవారికి చేసి పెడతామని, సైకిళ్ళను అంత దూరం చేర్చడానికి వాహనం ఖర్చు అదనంగా అవుతుంది కాబట్టి తామంతట తాముగా చెప్పడం లేదని ఆయన జవాబిచ్చాడు. ఆ ఖర్చు ఎంతో మొదటి రోజే చెప్పి ఉంటే మారుమాట లేకుండా ఇచ్చేవాళ్ళం, బాతల్‌లో దుప్పటి కింద పోయిన రోజును ముద్‌లో గడిపేవాళ్ళం.