మజిల్ వర్కింగ్ మోడల్ రివ్యూ: తల బాగానే ఉంది, మెడే ముంచింది

ముందే చెప్తున్నా, ఇది కొంచెం పెద్ద రివ్యూ, ఎందుకంటే కండరం ఎలా పనిచేస్తుందో చూపించే ఈ బోర్డుతో మూడు వారాలుగా కుస్తీ పడుతున్నా. నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకి జువాలజీ ట్యూషన్ చెప్తాను. మజిల్ చాప్టర్ వచ్చినప్పుడల్లా నల్లబోర్డు మీద గీతలు గీసి గీసి చెయ్యి పీకేది తప్ప పిల్లలకి ఎక్కేది కాదు, కండరంలో మయోసిన్ అనే ప్రోటీన్ తల యాక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ పోగుని లాగుతుంది అంటే బుద్ధిగా రాసేసుకుంటారు, ఎలా లాగుతుంది మేడం అని అడిగేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. సరే చూపించేద్దాం అని బెజవాడ ఏలూరు రోడ్డులో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక షాపుకి వెళ్లా. షాపు పేరు రాయట్లేదు, ఆయన మర్యాదస్తుడే, నా గొడవంతా బోర్డుతోనే.

3,200 చెప్పాడు. ఏంటండీ చెక్క ముక్కకి ఇంత రేటా అంటే "అంబాలా సరుకు మేడం, లోపల మ్యాగ్నెట్లు ఉన్నాయండీ, మీరే తిప్పి చూడండి" అన్నాడు. తిప్పా, తిరిగింది, 2,850కి బేరం కుదిరింది. మూడడుగుల బోర్డు పట్టుకుని బస్టాండ్లో గుంటూరు బస్సెక్కితే కండక్టర్ "వీణా అమ్మా?" అని అడిగాడు. మయోసిన్ అని చెప్పే ఓపిక లేక అవునన్నా.

ప్యాకెట్లో రెండు ఐటమ్స్ ఉంటాయి. ఒకటి హ్యాండిల్ తిప్పే పెద్ద బోర్డు, మధ్యలో మయోసిన్ల మందపాటి ఫిలమెంట్, అంటే పోగు, దానికి చిన్న చిన్న తలలు, అటూ ఇటూ యాక్టిన్ పూసల దండలు. రెండోది స్టాండ్ మీద విడిగా ఒకటే పెద్ద మయోసిన్ తల, మెడతో కలిపి పది సెంటీమీటర్లు ఉంటుంది, దాని ముందు పూసల పట్టీ. నిజం చెప్పాలంటే డబ్బులు ఈ రెండో దానికే.

ఈ తల చేసినోడికి విషయం తెలుసు, అది ఒప్పుకోవాలి. తలలో ఒక పక్క ఏటీపీ (కండరానికి శక్తినిచ్చే అణువు) పెట్టే కన్నం, ఇంకో పక్క పూసని పట్టుకునే మ్యాగ్నెట్, రెండిటి మధ్యా ఒక చీలిక. ఏటీపీ పుల్ల కన్నంలోకి నొక్కగానే చీలిక కొంచెం విచ్చుకుంటుంది, మ్యాగ్నెట్ వెనక్కి వెళ్తుంది, తల పూసని వదిలేస్తుంది. అసలు ప్రోటీన్‌లో జరిగేది కూడా దాదాపు ఇదే, ఏటీపీ కూర్చునే చోటు వేరు, యాక్టిన్‌ని పట్టుకునే చోటు వేరు, ఇక్కడ ఏటీపీ కూర్చుంటే మధ్యలో ఉన్న చీలిక తెరుచుకుని అక్కడ పట్టు సడలుతుంది. పిల్లల్లో నూటికి తొంభై మంది ఏటీపీ రాగానే తల లాగుతుంది అనుకుంటారు, కాదురా బాబూ, ఏటీపీ వస్తే ముందు వదిలేస్తుంది అని ఎన్నేళ్లు మొత్తుకున్నానో. ఈ పుల్ల నొక్కగానే "టక్" అని వదిలేసిన చప్పుడు విన్నాక ఒక్కడు కూడా మళ్లీ తప్పు రాయలేదు.

తర్వాత పుల్ల చివర ఉన్న మూడో ఫాస్ఫేట్ పూసని మెలితిప్పితే అది విడిపోతుంది గానీ కన్నంలోనే ఉంటుంది, అప్పుడు స్ప్రింగ్ సాగి మెడ వెనక్కి వాలి రెడీగా కూర్చుంటుంది. తల తీసుకెళ్లి కొత్త పూసకి అంటించి ఆ ఫాస్ఫేట్‌ని బయటికి లాగితే అప్పుడు మెడ ముందుకి ఊగుతుంది, అదీ పవర్ స్ట్రోక్. ఆ తర్వాత ఫాస్ఫేట్ పోగా మిగిలిన ముక్కని, అంటే ఏడీపీని తీసేయాలి, మళ్లీ ఏటీపీ పెడితే గానీ వదలదు. ఇచ్చిందే రెండు ఏటీపీ పుల్లలు, మొదటి వారంలోనే ఒకటి విరిగింది, రెండోది సోఫా కిందకి పోయింది, తల పూసని పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఇదేరా రైగర్ మార్టిస్, చనిపోయాక ఒళ్లు బిగుసుకుపోయేది ఇందుకే" అన్నా. కావాలని చేసింది కాదు గానీ ఆ రోజు క్లాసు మాత్రం అదిరింది. స్పేర్ పుల్లలు కావాలంటే విడిగా అమ్మరంట, ఇదేం పద్ధతో. ఇంకోటి, ఏటీపీని కండరంలో కనిపెట్టిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో. ప్యాకెట్లో వచ్చిన కాగితంలో ఆయన పేరు లేదు, ఆంధ్రాలో అమ్మేటప్పుడైనా ఒక లైన్ వేసుకోవచ్చుగా.

ఇక మెడ సంగతి. తలకి అంత శ్రద్ధ పెట్టినోడు మెడ దగ్గరికొచ్చేసరికి ఒక సన్నటి తీగ పెట్టి ఊరుకున్నాడు. షాపులో పూసల పట్టీ లేకుండా తిప్పి చూపించాడు కాబట్టి బాగానే ఊగింది, ఇంట్లో పట్టీ పెట్టి ఫాస్ఫేట్ లాగితే తీగ వంగింది, పూస మాత్రం అంగుళం కూడా కదల్లేదు. రెండుసార్లు చేశా, మూడుసార్లు చేశా, అదే వరస. నాకు ఒళ్లు మండి పక్కన పెట్టేయబోతుంటే వెనక బెంచీలో కూర్చునే పిల్లాడు, వాళ్ల నాన్నకి ఆటోనగర్లో లేత్ మిషన్ ఉంది, "మేడం, రాడ్ వంగితే లోడ్ ఎక్కదండీ, మా నాన్నయితే స్లీవ్ వేస్తాడు" అన్నాడు.

నేను ఒక్క నిమిషం ఆగిపోయా. ఎందుకంటే అసలు మయోసిన్‌లో ఉన్నదే స్లీవ్! మెడ అంటే హెవీ చైన్ అనే పెద్ద ప్రోటీన్ గొలుసు నుంచి బయటికొచ్చిన ఒకే ఒక్క పొడవాటి హెలిక్స్, అంటే మెలిక, అదొక్కటే ఉంటే నిలబడలేదు, అందుకే దాని చుట్టూ లైట్ చైన్లు అనే రెండు చిన్న గొలుసులు చుట్టుకుని ఉంటాయి, ఒకదాన్ని ఎసెన్షియల్ అంటారు ఇంకోదాన్ని రెగ్యులేటరీ అంటారు, తలకి రెండు చొప్పున రెండు తలలకి నాలుగు. మెడని బిగుతుగా ఉంచడం వాటి పని. 1993లో రేమెంట్ అనే శాస్త్రవేత్త టీమ్ కోడి కండరం మయోసిన్ తలని క్రిస్టల్ చేసి స్ట్రక్చర్ బయటపెట్టినప్పుడు ఈ మెడ ఇలా పొడుగ్గా లివర్ లాగా ఉందని స్పష్టంగా కనిపించింది. మనం పకోడీ వేసుకునే కోడిలో ఇంత ఉందా అని పిల్లలు నవ్వారు. నేనేమో ఇరవై ఏళ్లుగా "రెండు హెవీ చైన్లు, నాలుగు లైట్ చైన్లు" అని బట్టీ కొట్టిస్తున్నా, ఆ నాలుగూ అక్కడ ఎందుకున్నాయో ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు, లేత్ మిషన్ ఆయన కొడుకు చెప్పాడు.

అప్పటికప్పుడు తీగకి రెండు వైపులా ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి దారం చుట్టి ఎంసీల్ పూశాం. తెల్లారి ఆరాక చూస్తే పూస జరిగింది! అక్కడితో ఆగితే పిల్లలెందుకవుతారు, మెడ పొడుగు పెంచితే ఇంకా దూరం జరుగుతుందా మేడం అని ఇంకో పుల్ల అతికించారు, జరిగింది, పూసన్నర దూరం. ఇది కూడా ల్యాబులో నిజంగా చేసి చూసిందే, 1996లో స్టాన్‌ఫర్డ్‌లో స్పూడిచ్ ల్యాబ్ వాళ్లు మయోసిన్ మెడని పొట్టిగా, పొడుగ్గా తయారు చేస్తే యాక్టిన్ జరిగే స్పీడ్ మెడ పొడవుని బట్టి మారింది. కణాల్లో సరుకు మోసే మయోసిన్-5 ఉంటుంది చూడండి, దాని మెడ మన కండరం దానికి మూడింతలు, ఒక్కో అంగ 36 నానోమీటర్లు. మన కండరం మయోసిన్ స్ట్రోక్ 5 నుంచి 10 లోపే.

పెద్ద బోర్డు విషయానికొస్తే, ఇందులో చేసిన తప్పుకి క్షమాపణ లేదు. తలలన్నీ ఒకే పక్కకి తిప్పి బిగించారు. హ్యాండిల్ తిప్పితే ఎడమ పక్క యాక్టిన్ మధ్యలోకి వచ్చింది, కుడి పక్కది బయటికి పోయింది, సార్కోమియర్ (కండరంలో ముడుచుకునే చిన్న యూనిట్) పొట్టిదవ్వడం మానేసి మొత్తం కుడి వైపుకి జరుగుతూ పోయింది. అసలు ఫిలమెంట్‌లో మయోసిన్లు మధ్య గీతకి అటు సగం ఇటు సగం ఎదురెదురు దిక్కుల్లో పేర్చి ఉంటాయి, అందుకే నట్టనడుమ తలలు లేని ఖాళీ జాగా ఒకటి మిగులుతుంది, అలా ఉంటేనే రెండు పక్కల నుంచీ లోపలికి లాగుడు వస్తుంది. స్క్రూలు ఊడదీసి కుడి సగం తిప్పి బిగించేసరికి గంటన్నర పట్టింది. యాక్టిన్‌కి కూడా ముందూ వెనకా ఉంటాయి, గుండ్రటి పూసలతో అది ఎలాగూ చూపించలేరు కాబట్టి వదిలేశా. యాక్టిన్ మీద మయోసిన్‌కి అడ్డుగా ఉండే ట్రోపోమయోసిన్ ప్రోటీన్ బదులు పెట్టిన నీలం వైరు కూడా జిగురేసి అంటించేశారు, కాల్షియం వచ్చినా అది పక్కకి జరిగే దారే లేదు, నేను పీకేసి వదులుగా చుట్టుకున్నా.

సైజులు నమ్మకండి. పెద్ద తల పది సెంటీమీటర్లంటే అసలుకి దాదాపు 50 లక్షల రెట్లు. ఆ లెక్కన మెడ వెనక ఉండే మయోసిన్ తోక 75 సెంటీమీటర్లు ఉండాలి, జానెడు ఇచ్చారు. మందపాటి ఫిలమెంట్ 8 మీటర్లు ఉండాలి, అంటే మా ట్యూషన్ గదిలో మొదలెడితే వీధి గేటు దాటుతుంది. దాని మీద దాదాపు 300 మయోసిన్లు, ఒక్కోదానికి రెండు తలలు. ఒక్కో తల కాసేపే పట్టుకుని వదిలేస్తుంది, చేదబావిలో తాడు లాగేటప్పుడు ఒక చెయ్యి వదిలితే ఇంకో చెయ్యి పట్టుకున్నట్టు, అందరూ ఒకేసారి వదిలితే చేద బావిలో పడుతుంది. బోర్డులో మాత్రం అన్ని తలలూ ఒకేసారి కవాతు చేస్తాయి, ఈ సంగతి పిల్లలకి నోటితోనే చెప్పుకోవాలి.

ఒక పేరెంట్ వచ్చి ఇవన్నీ నీట్‌లో వస్తాయా మేడం అన్నారు. గుండె మయోసిన్ తలలో 403వ స్థానంలో ఆర్జినిన్ అనే ఒక్క అమైనో యాసిడ్ మారి గ్లుటమిన్ అయితే చాలండీ, గుండె గోడ మందమైపోయే జబ్బు వస్తుంది, ఆ జబ్బుకి మయోసిన్ మీదే పనిచేసే మావకాంటెన్ అనే మందు 2022లో అమెరికాలో అప్రూవ్ అయింది అని చెప్పా. ఫిలమెంట్ మీద మయోసిన్ బైండింగ్ ప్రోటీన్ సి అని ఇంకోటి ఉంటుంది, దాని జీన్‌లో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయి గుండె జబ్బుతో ముడిపడిన రకం మన దక్షిణాసియా జనంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని 2009లో బయటపెట్టిన స్టడీలో మన హైదరాబాద్ సీసీఎంబీ రీసెర్చ్ సంస్థ వాళ్లు కూడా ఉన్నారు. ఆ ప్రోటీన్ ఈ బోర్డులో అసలు లేదు, 2,850కి అది కూడా అడిగితే బాగోదులెండి.

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నా, మూడూ ఆ పెద్ద తలకే. కొనేవాళ్లు షాపులోనే పూసల పట్టీ పెట్టించి తిప్పి చూడండి, తీగ వంగితే రెండొందలు తగ్గించమనండి. ఏటీపీ పుల్లలు తాడు కట్టి స్టాండ్‌కి వేలాడదీసుకోండి. నాది సోఫా జరిపితే మొన్న దొరికింది, చివరి ఫాస్ఫేట్ మాత్రం ఇంకా లేదు.