టికింటర్ లేబుల్: అయిదేళ్లు వాడాక

పైథాన్ భాషతో పాటే వచ్చే, విండోలు తయారుచేసే లైబ్రరీ టికింటర్‌లో చిన్న డెస్క్‌టాప్ టూల్స్ రాయడం మొదలుపెట్టి అయిదేళ్లు దాటింది. విండోలో ఏం జరుగుతోందో చూపించడం, అది మారగానే అక్షరాలు మార్చడం, నా పనిలో సగం ఇదే. అందుకే విండోలో అక్షరాలు చూపించే లేబుల్ మంచిచెడ్డలు రాస్తున్నాను.

మార్చడం తేలికే. లేబుల్ సెట్టింగులు మార్చే కాన్ఫిగ్‌ని కాల్ చేసి కొత్త టెక్స్ట్ ఇస్తే చాలు. లేబుల్ తయారుచేసే లైన్‌లోనే ప్యాక్ (దాన్ని విండోలో పెట్టేది) కూడా రాస్తే మాత్రం వేరియబుల్‌లో మిగిలేది నన్ (None, అంటే ఏమీ లేదని), లేబుల్ కాదు. రెండు లైన్లుగా రాయాలి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వేరే. ఫైళ్లు కాపీ చేసే టూల్‌లో ఎన్ని పూర్తయ్యాయో చూపించాలని లూప్‌లో కాన్ఫిగ్ రాశాను. విండో బిగుసుకుపోయి, చివర్లో ఆఖరి అంకె మాత్రమే కనిపించింది. కాన్ఫిగ్ విలువను మారుస్తుంది, తెరమీద గీసేది మెయిన్‌లూప్, అంటే క్లిక్‌లు, గీయడం చూసుకుంటూ తిరిగే టికింటర్ సొంత లూప్. మన లూప్ దాన్ని కదలనివ్వకపోతే అదేం చేస్తుంది? ఆగిన పనులు అక్కడికక్కడే చేయించే అప్‌డేట్‌ను లూప్‌లో పెడితే అంకెలు కదిలాయి కానీ, మధ్యలో బటన్ మళ్లీ నొక్కితే అదే ఫంక్షన్ లోపల ఇంకోసారి మొదలైంది. ఫైళ్లు రెండుసార్లు కాపీ అవుతుంటే టెన్షన్ పడిపోయాను. ఇప్పుడు బరువైన పని వేరే థ్రెడ్‌లో (పక్కన విడిగా నడిచే పనిలో) పెడతాను. అది లేబుల్‌ను ముట్టుకోదు, ఎన్ని పూర్తయ్యాయో క్యూలో (వరసలో) వేస్తుంది అంతే. కొంతసేపటి తర్వాత ఫంక్షన్‌ను పిలిచే ఆఫ్టర్‌తో 100 మిల్లీసెకన్లకోసారి క్యూ చూసి లేబుల్ మారుస్తాను. ఈ పద్ధతికి వచ్చాక విండో ఒక్కసారీ బిగుసుకోలేదు.

ఒకే విలువ నాలుగైదు చోట్ల కనిపించాలంటే స్ట్రింగ్‌వార్ (విలువ మారగానే దానికి కట్టిన లేబుళ్లన్నీ మారే వేరియబుల్) హాయి. దాన్ని ఫంక్షన్‌లో లోకల్‌గా వదిలేస్తే ఫంక్షన్ ముగియగానే పోతుంది, లేబుల్ ఖాళీ అయిపోవచ్చు, ఎర్రర్ కూడా రాదు. సెల్ఫ్‌లో, అంటే క్లాస్ ఆబ్జెక్ట్‌లో, దాచుకోండి. అంకె 99 నుంచి 100 అయినప్పుడు పక్కనున్నవి జరగకుండా లేబుల్‌కు విడ్త్ (వెడల్పు) ముందే ఇవ్వండి.

లాగ్ లాంటి పొడవైన వాటికి టెక్స్ట్ విడ్జెట్ (చాలా లైన్లు పట్టే పెట్టె) మేలు. వాడేవాళ్లు మార్చకుండా డిసేబుల్డ్‌లో ఉంచితే మనం ఇన్సర్ట్ చేసినా నోరెత్తకుండా వదిలేస్తుంది. నార్మల్ చేసి, రాసి, మళ్లీ డిసేబుల్ చేయాలి.

లేబుల్‌లో నాకు ఇప్పటికీ నచ్చనిది ఒకటుంది: అందులోని అక్షరాలను మౌస్‌తో ఎంచుకుని కాపీ చేయలేం. ఎర్రర్ మెసేజ్ వాడేవాళ్లు నాకు పంపాలంటే అది అవసరం. అలాంటి చోట రీడ్‌ఓన్లీ ఎంట్రీ (చదవడానికి మాత్రమే ఉండే ఒక లైన్ పెట్టె) పెడుతున్నాను.