సభా, శాసనసభా, చీటీలా: ప్రజల పాలనకు ఏది మేలు?

ప్రజాస్వామ్యమంటే ఎన్నికలేనని నేడు అందరూ అనుకుంటున్నారు గానీ, పదవులను చీటీలు తీసి, అంటే లాటరీ పద్ధతిలో, పంచడం ప్రజాస్వామ్య లక్షణమనీ, ఎన్నికతో నింపడం కొద్దిమంది పాలనకు చెందినదనీ అరిస్టాటిల్ కాలంలో భావించేవారు. ప్రాచీన గ్రీకు నగరమైన ఎథెన్స్‌లో పౌరులు సభకు వచ్చి తీర్మానాలపై స్వయంగా ఓటు వేసేవారు, ఆ సభకు విషయాలను సిద్ధం చేసే 500 మంది మండలిని చీటీలతో ఎంపిక చేసేవారు, సేనానుల వంటి కొద్ది పదవులకు మాత్రమే ఎన్నుకునేవారు. స్త్రీలకు, బానిసలకు, స్థిరపడిన విదేశీయులకు వీటిలో దేనిలోనూ చోటు లేదు.

సభలో నేరుగా తేల్చుకోవడంలోని ప్రమాదం తొందరపాటు. తిరుగుబాటు చేసిన మిటిలీనీ నగరంలోని వయోజన పురుషులందరినీ చంపాలని క్రీ.పూ. 427లో ఎథెన్స్ సభ ఆవేశంతో తీర్మానించి, మరునాడే ఆ తీర్మానాన్ని రద్దు చేసుకుంది. రద్దు వార్త మోసుకెళ్లిన రెండో ఓడ సకాలంలో చేరబట్టి ఆ సామూహిక వధ ఆగింది. క్రీ.పూ. 406లో నౌకాయుద్ధం గెలిచిన ఆరుగురు సేనానులకు, మునిగిపోతున్న నావికులను కాపాడలేదన్న ఆరోపణపై, విడివిడి విచారణ లేకుండా మరణశిక్ష పడింది. సభ తర్వాత పశ్చాత్తాపపడింది గానీ, అప్పటికే శిక్ష అమలైపోయింది.

ప్రజాభిప్రాయాన్ని ఎన్నికైనవారి ద్వారా వడపోయడం మేలని 1787లో అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ వాదించింది ఇటువంటి ఆవేశాలను దృష్టిలో పెట్టుకునే. ఆంగ్లేయులు ఎన్నికల రోజున మాత్రమే స్వతంత్రులని తత్వవేత్త రూసో అంతకు పాతికేళ్ల ముందే ఎద్దేవా చేశాడు. ఆ విమర్శలో నిజమున్నా, తప్పు చేసినవారిని మరుసటి ఎన్నికలో దించే వీలు ప్రాతినిధ్య పద్ధతిలోనే ఉంది. సభలో చేయెత్తిన వేలమందిని ఎవరు నిలదీయగలరు?

స్త్రీల ఓటుహక్కు విషయంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. న్యూజిలాండ్ పార్లమెంటు 1893లోనే దానిని చట్టం చేయగా, ఆ నిర్ణయాన్ని నేరుగా ఓటర్లకే వదిలిన, పురుషులే ఓటర్లుగా ఉన్న స్విట్జర్లాండ్ 1959లో తిరస్కరించి 1971లో గానీ ఒప్పుకోలేదు. (ఫ్రాన్స్‌లో 1944 దాకా ఆగవలసి వచ్చింది కనుక పార్లమెంటు ఉంటే చాలునని అనలేం.) అయితే 50,000 మంది 100 రోజుల్లో సంతకాలు చేస్తే సమాఖ్య చట్టాన్ని ఓటుకు పెట్టించగల స్విస్ ఏర్పాటు మాత్రం, శాసనకర్తలను అదుపులో ఉంచేదిగా, నాకు విలువైనదిగానే తోస్తుంది.

చీటీల పద్ధతిని ఐర్లాండ్ మళ్లీ వాడుకలోకి తెచ్చింది. గర్భస్రావంపై పార్టీలు తేల్చలేక నాన్చిన ప్రశ్నను, 2016లో యాదృచ్ఛికంగా ఎంపికైన 99 మంది పౌరుల సభకు అప్పగించారు. వారు నిపుణులను విని సిఫారసు చేశారు, పార్లమెంటు కమిటీ దానిని పరిశీలించింది, 2018లో ఓటర్లు 66.4 శాతంతో రాజ్యాంగ నిషేధాన్ని తొలగించారు. నా దృష్టిలో మూడింటికీ సరైన స్థానం ఇదే: నియోజకవర్గాల హద్దులు, ఎన్నికల ఖర్చు వంటి శాసనకర్తల స్వప్రయోజనం ఉన్న విషయాల్లో చర్చ చీటీల సభతో మొదలుకావాలి. పన్నులు, బడ్జెట్ మాత్రం ఎన్నికైనవారి చేతిలోనే ఉండాలి, ఎందుకంటే చీటీలో పేరు వచ్చినవారు పని ముగించి ఇంటికి వెళ్లిపోయాక వారిని లెక్క అడిగే దారి ఓటరుకు ఉండదు.