లారీ ముందు యాక్సిల్‌కు బ్రాండ్ లేని షాక్ అబ్జార్బర్లు: కొనేముందు చూడాల్సినవి

పైన పెయింటు నిగనిగలాడుతుంది, లోపం లోపలికీ బయటికీ జారే రాడ్ మీద ఉంటుంది. క్రోమ్ పూత పల్చగా ఉంటే వానాకాలంలోనే తుప్పు చుక్కలు పడతాయి. రాడ్ కదిలినప్పుడల్లా అవి ఆయిల్ సీల్‌ను కోసేస్తాయి. సీల్ దగ్గర కాస్త చెమ్మ ఉంటే భయం లేదు. ఆయిల్ ధారగా కిందికి జారితే మాత్రం పీస్ పోయినట్టే.

కౌంటర్ దగ్గరే నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కండి. లోపలి గాలి పోయాక కూడా మధ్యలో ఖాళీగా జారితే ఆయిల్ తక్కువగా ఉన్నట్టు, లేదంటే వాల్వ్ సరిగ్గా లేనట్టు. నొక్కేటప్పటికంటే లాగేటప్పుడు బరువుగా రావాలి. రెండు వైపులా తేలిగ్గా కదిలేది తీసుకోకండి, టైరు గుంటలు గుంటలుగా అరిగిపోతుంది.

పాతదాని పక్కన పెట్టి పూర్తిగా చాచిన పొడవు, మూసిన పొడవు కొలవండి. మూసిన పొడవు ఎక్కువైతే గుంతలో కమాను కట్ట (లీఫ్ స్ప్రింగ్) అణిగినప్పుడు షాక్ అడుగు తగిలి కన్ను (చివర బోల్టు దూరే రింగు) వెల్డింగ్ విరుగుతుంది. ఇక్కడ రాజీ వద్దు.

ఎప్పుడూ జతగానే మార్చండి. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బోల్టులు చివరిసారి బిగించాలి. జాకీ మీద బిగిస్తే కన్నులో ఉండే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఆ తప్పు తయారీదారుది కాదు.

సరుకు లారీకైతే బిల్లు, వారంటీ లేని పీస్ వద్దనే మా మాట.